అరువు తెచ్చుకున్న కుంటినడక

మా ఆవిడ పాదం నొప్పిని మొట్టమొదట కనిపెట్టింది ఏ డాక్టరూ కాదు, నేను. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను. ఎందుకంటే ఆ తరవాత జరిగినదాంట్లో నేను గర్వపడటానికి మరేమీ మిగల్లేదు.

నాది కళ్లద్దాల కొట్టు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని, ఎదుటివాళ్ల ముక్కులూ చెవులూ కొలుస్తూ బతికేవాణ్ని. మనిషికి మెడ కింద ఏముంటుందన్నది వృత్తిరీత్యా నాకు అనవసరం. మా ఆవిడ బళ్లో ఆటల టీచరు. ఆవిడ మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతూ ఉంటుంది. పిల్లలు ఆవిణ్ని విజిల్ టీచరు అంటారు. నేనూ అంటాను, ఆవిడకు వినపడనంత దూరంలో ఉన్నప్పుడు.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ వంటగది పై అరలో ఉన్న డబ్బాను గరిటెతో లాగుతూ కనిపించింది. ఎప్పుడూ మునివేళ్ల మీద లేచి చటుక్కున అందుకునే మనిషి. గరిటె ఎందుకని అడిగితే, దానికీ కాస్త వ్యాయామం ఉండాలి కదా అంది. నేను నవ్వేశాను. నవ్వడం అయిపోయాక ఆలోచనలో పడ్డాను.

అప్పటి నుంచి నా చూపు ఆవిడ కాళ్ల మీదికి దిగింది. మంచం దిగగానే మొదటి నాలుగడుగులు ఎడమకాలిని నేలకు ఆనీ ఆనకుండా వేస్తోంది. మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి గోడ పట్టుకుంటోంది. సాయంత్రం ఇంటికి రాగానే షూ విప్పి, పాదం మధ్యలో, వంపుకు సరిగ్గా పైన, బొటనవేలితో నొక్కుకుంటోంది. నేను వస్తే ఆ చేత్తోనే షూలో దుమ్ము దులుపుతున్నట్టు నటిస్తోంది. నటన ఆవిడకు రాదు. దుమ్మంతా నా మీదే పడేది.

ఏమైందని అడిగాను. షూ కొత్తది, కాలికి ఇంకా పరిచయం కాలేదు అంది. ఆ షూ కిందటేడు కొన్నది.

దాచడానికి కారణం నాకు తెలుసు. ఆ ఏడు వాళ్ల బడి ఆడపిల్లలు మొదటిసారి రిలే పందెంలో ఫైనల్‌కు వెళ్లారు. పిల్లలతో పాటు తనూ మైదానం చుట్టూ పరిగెత్తి మరీ నేర్పిన పందెం అది. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్రాంతి అంటాడు. విశ్రాంతి అన్న మాట వింటే హెడ్‌మిస్ట్రెస్ జట్టును లెక్కల మాస్టారికి అప్పజెబుతుంది. లెక్కల మాస్టారి చేతికి రిలే కర్ర ఇస్తే ఆయనకు గుర్తొచ్చేది పందెం కాదు.

పోనీ గట్టిగా చెబుదామా అంటే, ఆగు అంటే పరిగెత్తే రకం. అందుకని బాగా ఆలోచించి ఒక పథకం వేశాను. నొప్పి నాకు వచ్చినట్టు నటిస్తాను. ఆవిడ కంగారుపడి నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది. అక్కడ నేను, ఎలాగూ వచ్చాం కదా, ఈవిడ పాదం కూడా ఒకసారి చూడండి అంటాను. డాక్టరు ఎదురుగా ఆవిడ కాదనలేదు. ఎక్కడా వంక పెట్టడానికి లేని పథకం. నా బుర్రలో పుట్టింది కాబట్టి, అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మర్నాడు పొద్దున మంచం దిగుతూనే అబ్బా అన్నాను. వంటగదిలోంచి ఆవిడ పరుగెత్తుకొచ్చింది, ఆ నొప్పికాలితోనే. పథకంలో మొదటి చిల్లు అక్కడే పడింది. నేను చూసుకోలేదు.

"ఎక్కడ నొప్పి?" అంది నేల మీద కూర్చుని నా పాదం ఒళ్లోకి తీసుకుని.

నేను బాగా చదువుకొచ్చిన పాఠంలా అప్పజెప్పాను. మడమ కాదు, వేళ్లూ కాదు, సరిగ్గా మధ్యలో, షూలేసు ముడి కూర్చునే చోట అన్నాను. లేవగానే ఎక్కువగా ఉంటుంది, కాసేపు తిరిగితే సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ సలుపుతుంది అన్నాను. మునివేళ్ల మీద లేవలేను, మెట్లు ఎక్కడం కన్నా దిగడమే కష్టం అని కూడా కలిపాను. ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం వింతగా చూసింది. తరవాత తలొంచుకుని తన పాదం వైపు చూసుకుంది. గాలం పడిందనుకున్నాను.

డాక్టరు మాట ఆవిడ ఎత్తలేదు. బళ్లో పిల్లలకు కాలు బెణికితే చూసేది నేనే కదా, మీకూ నేనే చూస్తాను అంది. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు, సాగే పట్టీ, పాదం కింద రెండు దిళ్లు అన్నీ చకచకా వచ్చేశాయి. కొట్లో కూడా కాలు స్టూలు మీదే ఉండాలని ఆజ్ఞ అయింది. ఆ వారం వచ్చినవాళ్లంతా తమ చూపు సంగతి వదిలేసి నా కాలి సంగతి అడిగారు. దగ్గరి చూపు ఆనని పెద్దాయన ఒకడైతే స్టూలు మీదున్న నా పాదాన్ని అమ్మకానికి పెట్టిన సామాను అనుకుని ఎత్తి చూశాడు.

అదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. బట్టల బకెట్టు దగ్గరే నా నవ్వు ఆగిపోయింది. ఉతికిన బట్టలు డాబా మీదికి మోసుకెళ్లి ఆరేయడం మా ఇంట్లో నా పని. ఆ రోజు బకెట్టు ఆవిడ ఎత్తుకుంది. నేను లేవబోతే ఆవిడ విజిల్ ఊదింది. నిజంగానే ఊదింది. పక్కింటి కుక్క కూడా కూర్చుంది. పడుకున్న చోటి నుంచి మెట్ల మీద ఆవిడ అడుగులు విన్నాను. ఒకటి బరువుగా, ఒకటి తేలికగా, మధ్యలో ఆగుతూ. ఆవిడకు విశ్రాంతి ఇప్పించాలని మంచం ఎక్కినవాణ్ని, నా పని కూడా ఆవిడ నెత్తిన పెట్టి పడుకున్నాను.

ఇక నా పరిస్థితి ఎటూ కాకుండా పోయింది. నొప్పి తగ్గిందంటే డాక్టరు ప్రయాణం ఉండదు. తగ్గలేదంటే బకెట్టు దిగదు. అందుకని ఎదుట రోగిగా, చాటున పనివాడిగా ఉందామని నిశ్చయించుకున్నాను. ఆవిడ బడికి వెళ్లగానే లేచి ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, కొట్టుకు వెళ్లొచ్చి, ఆవిడ వచ్చే వేళకు దిళ్ల మీద కాలు పెట్టి మూలిగేవాణ్ని. ఆరోగ్యంగా ఉన్నప్పుడు నేనెప్పుడూ అంత పని చెయ్యలేదు.

ఒక సాయంత్రం ఆవిడ బోర్లించి ఉన్న గిన్నెలు చూసి, ఇవి ఎవరు తోమారు అని అడిగింది. పొద్దున నువ్వే తోమి వెళ్లావు, మర్చిపోయావన్నాను.

"నేనా?"

"బాగా అలిసిపోతున్నావు. నువ్వు కూడా ఒకసారి డాక్టరుకు చూపించుకుంటే మంచిది."

"దేనికి, మతిమరుపుకా?"

ఇంకో రోజు తొందరలో కుడికాలితో కుంటేశాను. నొప్పి కుడికాలికి మారిందా అని ఆవిడ అడిగింది. పాకినట్టుంది అన్నాను. సాయంత్రానికి ఎక్కడిదాకా పాకుతుందో ముందే చెబితే దిండు అక్కడ పెడతానంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు లేదు. ఉంటే నాకు వెలిగేదేమో.

ఇలా ఉండగా మా అత్తగారు దిగింది. ఆవిడ రెండు వీధుల అవతల ఉంటుంది. ఆవిడకు ఒక సంగతి తెలిస్తే ఆ రెండు వీధులకూ తెలిసినట్టే కాబట్టి, చుట్టాలంతా ఆవిణ్ని మైకు పిన్ని అంటారు. అల్లుడికి కాలు నొప్పి అని బయల్దేరిన కబురు మొదటి వీధిలో కాలు బెణికిందని, రెండో వీధిలో ఎముక విరిగిందని మారిపోయింది. మా ఎదురింటి దర్జీ వచ్చి, ఆపరేషను అయ్యి అప్పుడే ఇంటికి పంపేశారా అని పరామర్శించాడు. ఆయన వెనకాలే మా వీధి ట్యూషన్ మాస్టారు తన పాత చేతికర్ర పంపించాడు. అది నా కన్నా పొడుగు.

అత్తగారు వస్తూనే నా కాలికి తలపాగా అంత కట్టు కట్టింది. తరవాత రెండు బేసిన్లు తెప్పించింది. ఒకదాంట్లో వేణ్నీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు. కాలు ఇందులో కాసేపు, అందులో కాసేపు ముంచాలి. కట్టు తడుస్తుందండీ అన్నాను. తడిస్తేనే పట్టుకుంటుంది అంది. ఆవిడ వైద్యంలో ప్రశ్నలకు చోటు లేదు. నేను అటూ ఇటూ ముంచుతుంటే గదంతా నీళ్లయింది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ మైదానం నుంచి వచ్చింది. వేణ్నీళ్లు చల్లారాయని అత్తగారు అనడంతో, షూ కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి, మరిగే నీళ్ల గిన్నె రెండు చేతుల్తో పట్టుకొచ్చింది. గుమ్మం దాటగానే తడి నేల మీద కాలు జారింది. పడలేదు. పడకుండా నిలదొక్కుకోవడానికి శరీరం బరువంతా ఆ ఎడమపాదం మీద వేసింది.

అరవలేదు. ముందు వంగి గిన్నెను జాగ్రత్తగా కింద పెట్టింది. ఆ తరవాతే గోడ పట్టుకుంది. ముఖం తెల్లగా పాలిపోయింది.

నేనెలా లేచానో నాకు తెలియదు. తలపాగా కాలితోనే ఒక్క గెంతులో రెండు బేసిన్లూ దాటాను. దాటానని అనుకున్నాను. రెండూ తిరగబడ్డాయి. నీళ్లలో జరజరా జారుతూ వెళ్లి ఆవిణ్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. షూలేసు విప్పి చూస్తే పాదం మధ్యలో, నేను రోజూ నాదని చెప్పుకుంటున్న చోట, చిన్న ఉబ్బు. ముట్టుకుంటే వేడిగా ఉంది.

వెనకనుంచి మా అత్తగారు నెమ్మదిగా అడిగింది.

"అల్లుడుగారూ, తమరి కాలు?"

చూసుకుంటే రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడి ఉన్నాను. కంగారులో మర్చిపోయానండీ అన్నాను. నొప్పినా అని అత్తగారు. మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంది. ఇక అత్తగారు అది తన బేసిన్ల మహిమేనని తేల్చేసి, ఆ సంగతి చెప్పడానికి వీధిలోకి వెళ్లిపోయింది.

నేను గదిలో నీళ్లు ఎత్తుతుంటే మా ఆవిడ, రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం అంది. నేను తుడుస్తున్న గుడ్డ వదిలేశాను.

"ఎవరి కాలు చూపించడానికి?"

"మీదే. ఇన్నాళ్లుగా కుంటుతున్నారు కదా."

ఎట్టకేలకు గెలిచాననుకున్నాను. మర్నాడు ఉత్సాహంగా కుంటుకుంటూ బయల్దేరాను.

ఎముకల డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ఆవిడ ఎదురుగా ఉన్న రోగి కుర్చీలో నేను కూర్చున్నాను. మా ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుంది. డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చెప్పండి అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఆపలేకపోయాను. నిన్నటి ఉబ్బు చూశాక ఒక్క సంగతి కూడా వదలబుద్ధి కాలేదు. పొద్దున మంచం కోడు పట్టుకుని లేవడం చెప్పాను. మెట్ల మీద పక్కకి తిరగడం చెప్పాను. లేసు మధ్య కన్నంలోంచి తీసేసి వదులుగా కట్టుకోవడం చెప్పాను. డబ్బాలు గరిటెతో లాగడం, నిలబడ్డప్పుడు బరువంతా కుడికాలి మీదే వేసుకోవడం, ఎవరైనా చూస్తే ఆ పాదాన్ని రెండో పాదం వెనక దాచుకోవడం కూడా చెప్పాను.

డాక్టరమ్మ నా పాదం నొక్కింది. నొప్పా అంది. అవునన్నాను, కాస్త ఆలస్యంగా. మునివేళ్ల మీద లేవమంది. లేచాను. ఒంటికాలి మీద లేవమంది. అదీ లేచి, మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ చేతులు కట్టుకుని వెనక్కి ఆనుకుంది.

"మీరు చెప్పినవన్నీ నిన్న మేడం ఫోన్లో చెప్పినవే. మీరైతే ఇంకా వివరంగా చెప్పారు. కానీ ఈ పాదానికి ఏ జబ్బూ లేదు. ఇంతకీ నొప్పి ఎవరికి?"

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ అప్పటికే ఎడమ షూ విప్పేసి ఉంది.

"ఆయన చెబుతున్నది ఈ పాదం గురించి డాక్టర్. గరిటె సంగతి నేను చెప్పడం మర్చిపోయాను."

డాక్టరమ్మ నన్ను కుర్చీలోంచి లేవమంది. లేవబోతే నడుము పట్టేసి సగంలో ఆగిపోయాను. ఇన్నాళ్లూ లేని నొప్పికి కుంటడం వల్ల ఉన్న నడుము పోయింది. అది కూడా చూస్తానులెండి, ముందు ఆవిణ్ని కూర్చోనివ్వండి అంది డాక్టరమ్మ.

పాదం మధ్యలో చిన్న చిన్న ఎముకలు వంతెన కమానులో రాళ్లలా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయని ఆవిడ చెప్పింది. వాటిని కలిపి పట్టుకునే పట్టీలు ఉంటాయి, పైనుంచి వేళ్లను ఎత్తే తాళ్లలాంటివి పోతాయి. గట్టినేల మీద రోజూ పరుగులు, అడుగు అరిగిన మెత్తటి షూ, మొదట్లో బిగించి కట్టిన లేసు, బిగుసుకుపోయిన పిక్క అన్నీ కలిసి ఆ కమాను మీద పడ్డాయట. ఎముకలో సన్నటి చీలిక కూడా ఉండొచ్చు, ఎక్స్‌రే తీద్దామంది. చీలిక అన్న మాట వినగానే మా ఆవిడ విప్పిన షూ చేత్తో పట్టుకుని ఎక్స్‌రేకు లేచింది.

ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చున్నాం. ఎప్పటి నుంచి తెలుసని నేనే అడిగాను.

"మొదటి రోజు నుంచే. ఆ నొప్పి గురించి నేను ఎవరికీ చెప్పలేదు. మీరేమో అచ్చంగా నాకున్నట్టే చెప్పేశారు. చూస్తే గాని తెలియని సంగతులు. ఈయన నన్ను ఇంతగా చూస్తున్నారా అనుకున్నాను."

"మరి అప్పుడే ఆపొచ్చు కదా."

"ఆపాలనుకున్నాను. కానీ నా నొప్పితో ఇంకొకళ్లు నా పక్కన కుంటుతుంటే కాస్త ధైర్యంగా ఉండేది. పైగా గిన్నెలు బాగా తోముతున్నారు."

ఆవిడ మెడలో విజిల్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ మెల్లగా అంది.

"పందెం పోతుందని కాదండీ నా భయం. చిన్నప్పటి నుంచీ పరిగెత్తడం ఒక్కటే వచ్చు. కూర్చోమంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు."

"నేను పెళ్లికి ముందు నుంచీ కూర్చునే ఉన్నాను. నేర్పిస్తాలే" అన్నాను.

ఆవిడ నవ్వుతూనే నా భుజానికి తల ఆనించింది. ఎక్స్‌రే గదిలోంచి పిలిచేదాకా అలాగే ఉంది.

చీలిక లేదు. అయితే ఇంకొన్నాళ్లు ఇలాగే పరిగెత్తి ఉంటే వచ్చేదేనని డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించింది. కొన్ని వారాలు పరుగులూ గెంతులూ బందు. అడుగు గట్టిగా ఉండి, వంపుకు ఆసరా ఇచ్చే షూ వేసుకోవాలి. లేసు ఆ ఉబ్బు మీద పడకుండా కట్టుకోవాలి. వాపు ఉన్నప్పుడు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. నొప్పి కాస్త తగ్గాక గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయాలి. అరికాలు నల్లగా కమిలినా, కాలు కింద మోపలేకపోయినా వెంటనే రమ్మంది. పిక్కల వ్యాయామం నన్ను కూడా చెయ్యమంది, నడుము కోసం.

హెడ్‌మిస్ట్రెస్‌తో మా ఆవిడే మాట్లాడింది. పిల్లలకేమో దెబ్బ తగిలితే దాచకండని చెబుతూ తనే దాచుకున్న సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసిందట. హెడ్‌మిస్ట్రెస్ జట్టును ఎవరికీ అప్పజెప్పలేదు. మైదానం పక్కన గొడుగు కింద ఒక కుర్చీ వేయించింది. నేను రోజూ సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. ఎందుకంటే ఆవిడ కుర్చీలోంచి విజిల్ ఊది చెప్పిన సంగతి మైదానం ఆ చివరకు మోసేవాడు కావాలి. కూర్చోవడం నేర్పిస్తానన్నవాణ్ని కదా, ఆవిడ కూర్చుంది, నేను పరిగెత్తాను.

పందెం రోజున పిల్లలు రెండోవాళ్లుగా వచ్చారు. కర్ర ఎక్కడా కింద పడలేదు. ఆఖరి పిల్ల గీత దాటుతుంటే మా ఆవిడ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుందే గాని లేవలేదు. పిల్లలే పరిగెత్తుకుంటూ వచ్చి ఆవిడ మీద పడ్డారు. ఆవిడ ఎడమపాదం నలగకుండా నేను చేతులు అడ్డం పెట్టి నేల మీద కూర్చున్నాను. నా చేతులు తొక్కారు.

ఇప్పుడు వాపు తగ్గింది. ఆవిడ మెట్లు తిన్నగా దిగుతోంది. మొన్న మధ్యాహ్నం ఇద్దరం వరండాలో పక్కపక్కన నిలబడి, గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాచి నెడుతున్నాం. నా మడమ లేచిందని ఆవిడ కసురుతోంది. మా అత్తగారు సంచీతో గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"గోడ జరపాలంటే మేస్త్రీని పిలవకూడదూ?" అంది.

మేమిద్దరం నవ్వు ఆపుకోలేక అలాగే గోడకు ఆనుకుని ఊగుతుంటే, ఆవిడ కాసేపు మా ఇద్దరినీ తేరిపార చూసింది. తరవాత సంచీ కింద పెట్టి, చెప్పులు విడిచి, మా ఆవిడ పక్కన చోటు చేసుకుని నిలబడి, తనూ రెండు చేతులూ గోడకు ఆనించింది.